బోర్డు కట్టాక మొదటి ఏడాది: గోదావరి డెల్టాలో కొత్త ప్రకృతి వైద్యులు, యోగా చికిత్సకుల ప్రచారం

గోదావరి డెల్టాలో ప్రకృతి వైద్యమో, ఆయుర్వేదమో, యోగా చికిత్సో నేర్చుకుని కొత్తగా బోర్డు కట్టినవాళ్ల మొదటి ఖర్చు దాదాపు ఒకే దారిలో పోతుంది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ, పేపర్లో పెట్టించి పంచే కరపత్రం, రెండు రోజులు ఊళ్లు తిరిగే మైకు ఆటో, లోకల్ కేబుల్లో స్క్రోలింగ్, ప్రారంభం రోజున ఉచిత వైద్య శిబిరం. శిబిరానికి జనం బాగానే వస్తారు. బీపీ చూపించుకుంటారు, ఇచ్చిన చూర్ణం పుచ్చుకుంటారు, వెళ్లిపోతారు. నెల తిరిగేసరికి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ప్రచారం చాలలేదనుకుని ఇంకో విడత కరపత్రాలు కొట్టిస్తారు. క్లినిక్ పెట్టారన్న కబురు మాత్రం మొదటి వారంలోనే ఊరంతా పాకి ఉంటుంది. ఈ మనిషి దగ్గరికి ఏ బాధతో వెళ్లొచ్చు, ఏ బాధతో వెళ్లకూడదు అన్నదే ఎవరికీ తెలియదు. ఆ రెండో సగం చెప్పడానికి కొత్తవాళ్లు భయపడతారు, చెబితే వచ్చే నలుగురూ పోతారని. ఈ ప్రాంతంలో పేరు నిలబడేది సరిగ్గా అది చెప్పడం వల్లనే.

డెల్టా ఈ వైద్యాలకు కొత్త కాదు. ఆలమూరు దగ్గర చింతలూరు పేరు చెబితే జనానికి ఆయుర్వేద మందులే గుర్తొస్తాయి. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉంది. దానికి పెట్టింది పాలకొల్లువాడైన నటుడు అల్లు రామలింగయ్య పేరు. ఆయన హోమియో వైద్యుడు కూడా. ప్రకృతి వైద్యం ప్రచారం చేసే మంతెన సత్యనారాయణరాజు ప్రసంగాలు టీవీలో విని వంటలో ఉప్పు, నూనె తగ్గించిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. 2025లో జూన్ 21 యోగా దినోత్సవానికి ముందు నెల రోజులు రాష్ట్రమంతా యోగాంధ్ర అనే ప్రభుత్వ యోగా కార్యక్రమం నడిచింది; అంతకుముందు ఆసనమంటే ఏమిటో చూడని ఊళ్లకు కూడా చాప చేరింది. వీటికి తోడు ఇంటి కషాయాలు, వీధి చివర ఆర్‌ఎంపీ, పట్నంలో పెద్దాసుపత్రి ఉండనే ఉన్నాయి. అందుచేత కొత్త క్లినిక్ గుమ్మం ఎక్కే మనిషి అప్పటికే మూడు చోట్ల తిరిగి, మూడు రకాల పథ్యాలు పట్టి, కొన్ని అభిప్రాయాలు స్థిరపరచుకుని వస్తాడు. కూర్చోగానే అడిగేవి రెండే: "పథ్యం ఎక్కువుంటుందాండీ?", "ఎన్నాళ్లలో తగ్గుద్దండీ?" కరపత్రం ఈ రెండో ప్రశ్నకు జవాబు ముందే అచ్చువేసి ఇస్తే మనిషి వస్తాడు. చెప్పిన గడువుకు తగ్గకపోతే, రాని పదిమందికి ఆ సంగతి చెబుతాడు.

చట్టం సంగతి చాలామంది నోటీసు వచ్చేదాకా పట్టించుకోరు. మొదటి కరపత్రం రాసేటప్పుడే అది ఎదురుగా ఉండాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులకు ఒక పట్టిక ఇచ్చి, వాటిని నయం చేస్తామంటూ మందులను ప్రకటించకూడదంది. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, గుండె జబ్బులు, పక్షవాతం, మూర్ఛ, ఊబకాయం, కీళ్లవాతం, కిడ్నీలో రాళ్లు, బొల్లి, స్త్రీలలో సంతానలేమి, లైంగిక బలహీనత అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. కొత్త క్లినిక్ కరపత్రంలో నక్షత్రం గుర్తులు పెట్టి వేసే వరస దాదాపు ఇదే. ప్రకటన అంటే అచ్చు కాగితం ఒక్కటే కాదని కూడా ఆ చట్టం చెప్పింది. నోటితో చేసే ప్రకటన, శబ్దంతోనో వెలుతురుతోనో పొగతోనో చేసే ప్రకటన కూడా దాని కిందికే వస్తాయి. మైకు ఆటోకు మినహాయింపు లేదు. నేరం రుజువైతే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు. ఒక వెసులుబాటు ఉంది. రిజిస్టరైన వైద్యులు ఫలానా జబ్బుకు ఇక్కడ చికిత్స చేస్తామని తమ ఆవరణలో బోర్డు పెట్టుకోవచ్చు. గుమ్మం మీద రాసుకోవడానికి దొరికిన ఆ వీలు ఊళ్లో పంచే కాగితానికి లేదు.

మందు ఇవ్వకుండా ఆసనాలు, ఆహారం మాత్రమే చెప్పేవాళ్లు తమకు ఈ బాధ లేదనుకుంటారు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఆరోగ్యం గురించి సోషల్ మీడియాలో మాట్లాడేవాళ్లు తమ అర్హతను బయటపెట్టాలని, తమ మాటలు వైద్యుడి సలహాకు బదులు కావని స్పష్టంగా చెప్పాలని 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్లో రీల్ తీసే ప్రతి ఒక్కరూ వీటిని చదువుకోవాలి.

అర్హత మాట వచ్చింది కాబట్టి కొంచెం కఠినంగానే చెప్పాలి. బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీహెచ్ఎంఎస్ (హోమియో), బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా) మూడూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువులు. యోగా నేర్పేవాళ్లకు ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు ఉన్నాయి. ఇవికాక కొన్ని వారాల్లో ముగిసే ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. వాటిలో నేర్చుకోదగ్గవీ ఉన్నాయి. కానీ ఆ కోర్సు చేసి పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటే ఊరు మొదట్లో నమ్ముతుంది, ఆ తర్వాత కనిపెడుతుంది. ఒక పద్ధతి చదివి మరో పద్ధతి మందులు రాయడం ఇంకా ప్రమాదం. హోమియో చదివి ఇంగ్లీషు మందులు ఇచ్చిన ఒక వైద్యుడి దగ్గర రోగి చనిపోతే, అది నిర్లక్ష్యమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలియని పద్ధతిలో వైద్యం చేసేవాడు నాటువైద్యుడి కిందే లెక్క అని ఆ తీర్పు సారం. బోర్డు మీద ఏ చదువు, రిజిస్ట్రేషన్ ఉంటే దాని నంబరు, ఏ రోజుల్లో ఏ వేళల్లో ఉంటారు, ఫీజు ఎంత, ఏం చేస్తారు అన్నవి ఉంటే చాలు. హోలిస్టిక్ వెల్‌నెస్ సెంటర్ అని పెద్ద అక్షరాల్లో రాసి, లోపల ఆవిరి స్నానం ఉందో, ఆసనాలు ఉన్నాయో, మందులిస్తారో చెప్పకపోతే మెట్లెక్కేవాళ్లు తక్కువ. క్లినిక్ నమోదు విషయంలో ఏమేం కావాలో జిల్లా వైద్యారోగ్య శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది: ఎవరి కోసం కూర్చున్నారో తేల్చుకోవడం. డెల్టాలో బాధలు పనిని బట్టి ఉంటాయి. ఊడ్పుల్లో గంటల తరబడి బురదలో వంగి ఉండే ఆడవాళ్లకు నడుము, మోకాళ్లు. కోనసీమలో కొబ్బరి చెట్లెక్కి కాయలు కోసే దింపు కార్మికులకు భుజాలు, అరికాళ్లు. కొబ్బరికాయల పీచు తీసే వలుపు కార్మికులకు మణికట్లు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్లకు మెడ, వేళ్లు, కళ్లు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లకు నిద్ర. కొట్లో కూర్చునేవాళ్లకు, బడిపంతుళ్లకు, ఆటో తోలేవాళ్లకు షుగర్, బీపీ, పొట్ట. వీళ్లందరికీ ఒకే కరపత్రం పనిచేయదు. సర్వరోగాలకూ చికిత్స అన్న బోర్డు చూసి తన మెడనొప్పి గురించి అనుకునే లేసు పనివాళ్లు ఉండరు.

లేసు పనివాళ్లనే తీసుకుందాం. యోగా చికిత్సలో శిక్షణ పొందిన ఒక కొత్త ఆవిడ నరసాపురం దగ్గర ఊళ్లో క్లినిక్ పెట్టిందనుకుంటే, ఫ్లెక్సీ మీద పెట్టే డబ్బు బదులు ఆమె పెట్టాల్సింది మధ్యాహ్నాలు. ఆడవాళ్లు అన్నాలు తిని అరుగుల మీద అల్లికకు కూర్చునే వేళకు వెళ్లడం, వాళ్లు ఎంత ఎత్తులో కూర్చుంటున్నారో, వెలుతురు ఎటునుంచి పడుతోందో చూడడం, మెడకు రెండు కదలికలు, వేళ్లకు ఒకటి అక్కడికక్కడే ఉచితంగా నేర్పడం. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు సడలుతోందన్న మనిషి కనిపిస్తే, "దీనికి నా దగ్గర లేదమ్మా, ముందు నరాల డాక్టరుకు చూపించండి" అని కాగితం మీద రాసివ్వడం. ఆ ఒక్క కాగితం చేసే పని వెయ్యి కరపత్రాలు చెయ్యవు. డబ్బు కోసం అన్నిటికీ ఊ అనే మనిషి కాదన్నది ఊరికి మొదటిసారి అర్థమయ్యేది అప్పుడే. నెల తర్వాత వెళ్లి ఆ మనిషి చెయ్యి ఎలా ఉందని అడిగితే, వైద్యం చేయకపోయినా ఆవిడ హస్తవాసి మంచిదనే అంటారు.

పరిమితి చెప్పడం వ్యాపార చిట్కా అని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ప్రాణాలతో కూడిన సంగతి అది. షుగర్‌కు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్న మనిషికి ఉపవాసం పెట్టిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లవాడికి సూది ఆపిస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కొబ్బరినీళ్లు ఒంటికి మంచివని కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, కానీ కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి వాటిలోని పొటాషియం గుండె లయను చెడగొట్టగలదు. ప్రకృతి సిద్ధమైనది కాబట్టి హాని లేదన్న ధైర్యం ఇలాంటి చోట్ల మనుషుల్ని చంపుతుంది. అందుకే కొత్తగా కూర్చున్నవాళ్లు నాడి పట్టుకునే ముందు అడగాల్సింది, ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీ. చీటీ తేకపోతే ఇంటికి పంపి తెప్పించాలి. డాక్టరు రాసిన మాత్రలు తామంతట తాము ఆపించబోమని గోడ మీద తెలుగులో పెద్దగా రాసి పెట్టాలి. ఆ గోడ చూసి వెనక్కి పోయే మనిషి మాత్రలు మానిపించేవాళ్ల కోసం వెతుక్కుంటున్న మనిషి, పోతే పోనివ్వాలి.

డబ్బు దగ్గర ఈ వృత్తికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పల్లెలో ఆర్‌ఎంపీ ఫీజు విడిగా అడగడు. సూదిలో, మాత్రల్లో అది కలిసిపోతుంది. చేతిలో ఏదో పెడితేనే జనం డబ్బిస్తారు. పావుగంట కూర్చోబెట్టి ఏం తినాలో, ఎలా పడుకోవాలో చెప్పినందుకు ఫీజు అంటే, "ఊరికే మాటలకేనా?" అనిపిస్తుంది. ఒక్క ఇంజక్షన్‌తో సాయంత్రానికి నొప్పి తగ్గడం అలవాటైన ఒంటికి ఆరు వారాల వ్యాయామం చికిత్సలా కనిపించదు. ఇక్కడే కొత్తవాళ్లు జారిపోతారు. ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కాబట్టి గొలుసుకట్టు కంపెనీల ప్రొటీన్ పొడులు, డబ్బాలు తెచ్చి బల్ల మీద పేరుస్తారు. అప్పటి నుంచి వాళ్లను వైద్యులుగా ఎవరూ చూడరు, ఫలానా డబ్బాలమ్మే వాళ్లుగా చూస్తారు. దానికన్నా ఆ మనిషి వంటింటికి తగ్గట్టు చేతిరాతతో రాసిన ఆహారపట్టిక నయం. రాత్రి అన్నం ఎంత, చారులోకి ఏం కూర, చేపల పులుసు తినే రోజు ఏం తగ్గించుకోవాలి అన్నవి అందులో ఉండాలి. గోదావరి జిల్లాల మనిషికి అన్నం పూర్తిగా మానమని రాస్తే ఆ కాగితం గుమ్మం దాటదు. మూడుసార్లు రావడానికి కలిపి ఒకే ఫీజు పెట్టడం ఇంకో మంచి పద్ధతి. రెండోసారి డబ్బు అడుగుతారన్న జంకు లేకపోతే మనిషి తిరిగొస్తాడు, తగ్గిందో లేదో వైద్యుడికీ తెలుస్తుంది.

క్లినిక్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ప్రచారమే. అద్దె తక్కువని ఒక కులంవాళ్ల వీధి లోపల పెడితే, మిగతా పేటల వాళ్లు ఆ వీధిలోకి రావడానికి ఆలోచిస్తారు. ఇది బయటికి ఎవరూ ఒప్పుకోరు గానీ ఊళ్లలో నిజం. బస్సులు ఆగే చోట, సంతకు దగ్గర పెట్టడం అందరికీ తలుపు తెరిచినట్టు. అలాగని లోపల కూర్చునే బెంచీలు రోడ్డుకు ఎదురుగా ఉండకూడదు. పిల్లలు కలగని జంట, తెల్లమచ్చలున్న పెళ్లీడు పిల్ల, నిద్రపట్టక మనసు చెదిరిన మనిషి రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేలా కూర్చోరు. ఒక తెర, పక్కకో దారి ఉంటే అసలు రావాల్సినవాళ్లు వస్తారు. ఊళ్లో ఒకరి రోగం సంగతి పాకినంత తొందరగా మరే సంగతీ పాకదు. ఆ భయం పోగొట్టగలిగిన క్లినిక్‌కు వేరే బోర్డు అక్కర్లేదు.

కాలం కూడా చూసుకోవాలి. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులు, కోతల రోజుల్లో శిబిరం పెడితే కూలికి పోయేవాళ్లెవరూ రారు; వాళ్ల నొప్పులు మాట్లాడేది పని ముగిశాకే. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక, దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయాక, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోపు ఉన్న ఆ ఖాళీ కొత్తవాళ్లకు బంగారం. డ్వాక్రా సంఘం సమావేశంలో ఇరవై నిమిషాలు అడిగి మాట్లాడితే, ఉచిత శిబిరానికి వచ్చే రెండొందల మంది కన్నా అక్కడున్న పదిమంది ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు.

ఆర్‌ఎంపీలతో ఎలా ఉండాలన్నది తేలికైన ప్రశ్న కాదు. చాలా ఊళ్లలో అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. జనం మొదట అడిగేదీ వాళ్లనే. పేషెంట్‌ను పంపితే ఎంతిస్తారని వాళ్లు అడగడమూ మామూలే. రిజిస్టరైన వైద్యులు కమిషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం వృత్తి నియమావళి ప్రకారం తప్పు. ఆ పైన, కమిషన్ మీద వచ్చే మనిషి ఇంకొకరు ఎక్కువిస్తే అటు పోతాడు. పంపిన మనిషికి ఏం చేశారో, ఏం చెప్పారో రెండు ముక్కలు రాసి తిరిగి పంపితే చాలామంది ఆర్‌ఎంపీలు దాన్ని గౌరవంగా తీసుకుంటారు. దగ్గర్లోని ఎంబీబీఎస్ డాక్టర్లకు కూడా మొదటి నెలలోనే వెళ్లి కనిపించి రావాలి, ఏం చేస్తారో ఏం చేయరో ఒక పేజీలో రాసి ఇవ్వాలి. ప్రకృతి వైద్యమంటే మాత్రలు మానిపించేవాళ్లన్న అనుమానం వాళ్లలో ఉంటుంది, దానికి కారణాలూ ఉన్నాయి. ఆ అనుమానం మాటలతో పోదు. రక్తంలో షుగర్ దారి తప్పిన మనిషిని ఆ డాక్టరు దగ్గరికే వెనక్కి పంపినప్పుడు పోతుంది.

ఫోన్ సంగతి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. గూగుల్ మ్యాప్‌లో క్లినిక్ పేరు తెలుగులో, ఇంగ్లీషులో పెట్టి, పనివేళలు సరిగ్గా రాసి, గుమ్మం ఫొటో పెడితే వెతికేవాళ్లకు చాలు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చిట్కా పంపేవాళ్లను జనం మ్యూట్‌లో పెడతారు. వీడియోల్లో ఈ ఆకు తింటే షుగర్ మాయం అన్న తరహా మాట చాలామంది చూస్తారు, అలా చూసి వచ్చినవాళ్లు ఆ ఆకే అడుగుతారు, లేదంటే వెళ్లిపోతారు. వరికోత తర్వాత నడుముకు చేయదగ్గ మూడు కదలికలు, ఏ లక్షణాలుంటే వాటిని చేయకుండా డాక్టరు దగ్గరికి పోవాలి అని చూపించే వీడియో తక్కువమంది చూస్తారు. వచ్చేవాళ్లు మాత్రం సరైన బాధతో వస్తారు. తగ్గినవాళ్లతో మాట్లాడించి వీడియోలు తీయడం మానుకోవడమే మంచిది. ఒకరికి తగ్గిందని చెప్పే వీడియో ఇంకొకరికి హామీలాగే వినిపిస్తుంది. పైగా కృతజ్ఞతతో కాదనలేక కెమెరా ముందు కూర్చున్న మనిషి నిజంగా ఒప్పుకున్నట్టు కాదు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మరో రాబడి దారి ఉంది. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి, పెద్దవాళ్లు ఇళ్లలో ఒంటరిగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. సంక్రాంతికి అందరూ వస్తారు. ఆ కొద్ది రోజుల్లో అమ్మ మోకాళ్లు, నాన్న షుగర్ కళ్లారా చూసి, వెళ్లేలోపు ఎవరికైనా అప్పజెప్పాలని ఆరాటపడతారు. డబ్బిచ్చేది పిల్లలు, వైద్యం చేయించుకునేది పెద్దలు. పిల్లలకు కావాల్సింది ఎవరో ఒకరు వారానికోసారి చూస్తున్నారన్న నిశ్చింత. కొత్త వైద్యులకు అది నిజాయితీగా చేయగల పని. వారంలో ఒకరోజు ఇంటికెళ్లి బరువు, బీపీ, షుగర్ రాసుకోవడం, మాత్రలు వేళకు పడుతున్నాయో లేదో చూడడం, మోకాళ్లకు చేయించాల్సినవి చేయించడం, తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపి పిల్లలకు కబురు చెప్పడం. నెలకెంతో ముందే చెప్పి రసీదు ఇవ్వాలి. ఆ అంకెలు పిల్లలకు పంపే ముందు మాత్రం పెద్దవాళ్ల అనుమతి అడగాలి, వాళ్లు ఏ సంగతి పంపవద్దంటే అది పంపకూడదు. కొడుక్కి తెలిస్తే దిగులుపడతాడని దాచమన్న సంగతి ప్రమాదకరమైనదైతే, దాచడం వల్ల ఏమవుతుందో ఆ పెద్దావిడకే కూర్చోబెట్టి చెప్పాలి, ఆవిడ చేతనే ఫోన్ చేయించాలి.